అమెరికా గ్యాసు, నాయిన పంపు

మా వాడకట్టు ఆడవాళ్లకు నా ఉద్యోగం ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. ఒకసారి నల్లా దగ్గర పక్కింటి సారమ్మ పట్టుకుంది.

"రూతక్కా, గ్యాస్ బండ రేటు ఎప్పుడు తగ్గుతది?"

"నాకేం తెలుసు సారమ్మా?"

"దునియల ఉన్న గ్యాసంత లెక్క రాస్తవంట గద. గీ ఒక్క బండ సంగతి తెల్వదా? మరి నీకు జీతం దేనికిస్తున్నరు?"

బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను. ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడు కొంచెం ఉంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీ కోసం దాన్ని రాసిపెడుతున్నాను.

నేను చేసిన పని ఇది. వచ్చే పదేళ్లలో, ఇరవై ఏళ్లలో ప్రపంచం ఎంత బొగ్గు కాలుస్తుంది, ఎంత చమురు తాగుతుంది, ఎంత గ్యాసు వాడుతుంది, అందులో మన వైపు గనులకూ కరెంటు స్టేషన్లకూ ఏం మిగులుతుంది అని లెక్క కట్టి రిపోర్టు రాయడం. ఖమ్మంలో వైరా రోడ్డు మీద మందుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు మాది. నలుగురం ఉండేవాళ్లం. విదేశీ సంస్థలు ఏటా అచ్చు వేసే లావుపాటి అంచనాల పుస్తకాలు తెప్పించుకుని, వాటిని మన నేలకు దింపి చెప్పేవాళ్లం. గని యజమానులు, కరెంటు స్టేషన్ల వాళ్లు మా దగ్గర రిపోర్టులు రాయించుకునేవాళ్లు.

ప్రమోషన్ల గురించి రాయను. అవి వచ్చినవాళ్లకు వస్తాయి, రానివాళ్లకు రావు. ఒక బావి గురించి, ఒక పంపు గురించి, నేను కొట్టేసిన ఒక వాక్యం గురించి మాత్రం రాస్తాను. ఆ బావి కంపెనీ పేరు అడగకండి. అది ఇప్పుడు లేదు కూడా.

నాయిన గీతలు

మా నాయిన యోసేపు పంపు నడిపే ఖలాసీ. పాల్వంచ దాటి భద్రాచలం పోయే రోడ్డుకు లోపలగా, అడవి అంచున ఒక చిన్న కంపెనీకి ఉన్న ఒకే ఒక్క బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు చేశాడు. మా వైపు బొగ్గు గనిని బావి అనే అంటారు. పేరుకు తగ్గట్టే దాంట్లో నీళ్లు ఊరుతూనే ఉంటాయి. రాళ్ల సందుల్లోంచి కారి అడుగున సంపు అనే గుంతలోకి చేరతాయి, పంపులు వాటిని పైకి తోడి పోస్తాయి. పంపులు ఆగితే బావి మునుగుతుంది. మునిగిన బావిని మళ్లీ తెరవడం అయ్యే పని కాదు. బొగ్గు కొట్టేవాళ్లకు పేరు వస్తుంది కానీ నీళ్లు తోడేవాణ్ణి ఎవరూ తలుచుకోరు. నాయినకు దాని మీద కోపం లేదు. పైగా లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ప్రతి షిఫ్టు చివర ఖలాసీ సంపు గోడ మీద, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అక్కడ, సుద్దముక్కతో ఒక గీత గీయాలి. రూలు అంతవరకే. మా బావి ఖలాసీలు మాత్రం గీత పక్కన ఎందుకో కూడా రాసేవాళ్లు. "వాన." "కరెంటు పోయింది." "కింద కొత్తగ రాయి పగిలింది." ఆడవాళ్లను బావిలోకి దించని రోజులవి. ఆ గోడను నేను ఎన్నడూ చూడలేదు. కానీ చూసినట్టే తెలుసు, ఎందుకంటే నాయిన ఆ అలవాటును ఇంటికి కూడా తెచ్చాడు. పెరట్లో సిమెంటు నీళ్ల తొట్టి లోపలి గోడ మీద రోజూ సాయంత్రం గీత గీసేవాడు. పక్కన రాసేవాడు: "చుట్టాలు." "నల్లా రాలే." "రూతు తలస్నానం." ఈ చివరిది నన్ను ఏడిపించడానికి. అమ్మ గోడంతా పాడు చేస్తున్నావని మొత్తుకునేది. ఆయన వినేవాడు కాదు.

"ఉత్త గీత గీస్తె ఏమైతది నాయినా?" అని చిన్నప్పుడు అడిగాను.

"నీళ్లు పెరిగినయని తెలుస్తది. ఎందుకు పెరిగినయో తెల్వది. వానకు పెరిగితె తగ్గుతయి బిడ్డా. రాయి పగిలి పెరిగితె తగ్గయి. గీత మాత్రం రెండింటికి ఒక్కతీర్గనే ఉంటది. పక్కన రాయకపోతె నా తర్వాత షిఫ్టుకొచ్చేటోడు మునుగుతడు."

సుద్ద గీతలు తడికి పోయేవి. పోకూడదని అనుకున్నవాటిని మేకుతో గీకేవాడు. గోదావరి పొంగి భద్రాచలం బస్సులు ఆగిపోయిన ఏడు ఒకటి. నల్లా బొత్తిగా రాని ఎండాకాలం ఒకటి. అమ్మ పోయిన రోజుది ఇంకొకటి. ఆ గీత చాలా కింద ఉంటుంది. పక్కన "ఎవరూ నీళ్లు పట్టలే" అని ఉంటుంది.

బావిలోంచి పైకి వచ్చిన నీళ్లు ఒక కాలువ వెంట అడవి వైపు పోయేవి. కాలువ చివర కోయ గూడెం. అక్కడ ముత్తక్క అనే ఆమె ఆ నీళ్లతో వంకాయ, టమాట, గోంగూర పండించి భద్రాచలం బస్సు ఎక్కించేది. ఎండాకాలంలో చుట్టూ అడవి ఆకు రాల్చినా ఆమె మడులు పచ్చగా ఉండేవి. నీళ్లు తగ్గిన రోజు మా గడప ముందుకొచ్చి నిలబడేది.

"యోసేపన్నా, నీళ్లు సన్నగొస్తున్నయేంది?"

"ఒక మోటరు రిపేరుకు పోయింది చెల్లె. ఎల్లుండికొస్తది."

ఎల్లుండికి వచ్చేవి. ఇన్నేళ్లలో నేను రాసిన ఏ అంచనా కూడా అంత సరిగ్గా నిజం కాలేదు.

ఆ పంపు చప్పుడు మా ఇంటికి వినపడేది. నీళ్లు గొట్టంలోంచి కాలువలో పడేటప్పుడు ఒక బరువైన శబ్దం, దాని వెనక మోటారు హోరు. ఖమ్మంలో కిరాయి గదిలో ఉన్న రోజుల్లో అది లేక నాకు నిద్ర పట్టేది కాదు. ఆదివారం చర్చికని ఇంటికి వచ్చేదాన్ని. పాట కంటే ముందు చెవులు దాన్నే వెతికేవి. ఇవాళ కూడా ఎవరైనా పొలంలో మోటారు వేస్తే చేస్తున్న పని ఆపి వింటాను. అది కాదని తెలుసు. అయినా వింటాను.

మా మొదటి తప్పు

ఆఫీసులో మా సారు మూర్తి గారు. రాజమండ్రి మనిషి. లెక్కల్లో అంత తెలివైనవాణ్ణి నేను మళ్లీ చూడలేదు. చెవి మీద పెన్సిల్, గోడ మీద ప్రపంచ పటం. "లెక్క ప్రపంచమంతా తిరిగొచ్చి మన గుమ్మం ముందు ఆగాలమ్మా" అనేవారు. నాకు పని నేర్పింది ఆయనే. ఆయనలో లోపం ఒకటే. నలుగురిలో నవ్వులపాలు కావడమంటే ఆయనకు ప్రాణం పోయినంత పని.

నేను చేరిన కొత్తలో విదేశీ పుస్తకాలన్నీ ఒకే మాట చెప్పేవి. చమురు అయిపోతోంది, గ్యాసు కరువవుతుంది, మిగిలేది బొగ్గే. మేమూ అదే రాశాం. బొగ్గు గీత కొండ ఎక్కినట్టు పైపైకి పోయేది.

అప్పుడు వచ్చింది షేల్. షేల్ అంటే పలకలు పలకలుగా ఉండే రాయి. దాని లోపల చమురు, గ్యాసు ఉన్నాయని నిపుణులందరికీ ముందే తెలుసు. లాభసాటిగా తీయడం కుదరదని కూడా అందరూ అనుకునేవాళ్లు. అమెరికా వాళ్లు లోతుగా కిందికి తొలిచి, అక్కడి నుంచి అడ్డంగా తిప్పి, నీళ్లూ ఇసుకా గట్టిగా ఒత్తి కొట్టి ఆ రాతిని పగలగొట్టారు. గ్యాసు బయటికి తన్నుకొచ్చింది.

"నిలవదమ్మా ఇది" అన్నారు మూర్తి గారు. ఆయన దగ్గర కారణం ఉంది. షేల్ బోరు మొదట ధారగా పోసి, తొందరగా సన్నబడిపోతుంది. ఆ పడిపోయే గీతను కాగితం మీద గీసి ఇచ్చారు. ఆదివారం దాన్ని నాయినకు చూపించాను. చూసి నవ్వాడు.

"గిది నాకెరుకే. కొత్తగ రాయి పగిలినప్పుడు మొదట్ల నీళ్లు దబదబ పడతయి. తర్వాత సన్నగైతయి. ఆఖరికి చుక్కలు. గంతే గద?"

"అవ్ నాయినా, గంతే."

నాకు భలే సంతోషం వేసింది. ప్రపంచ నిపుణుల గీత మా నాయినకు ఒక్క చూపులో అర్థమైంది. ఆయన ఇంకా కాగితం కింద పెట్టలేదు.

"ఎన్ని బొక్కలు పెడుతున్నరు బిడ్డా?"

"శానా."

"మరి గట్లయితె ఆగదు గద. ఒక్క బొక్క సన్నగైతది. దినాం కొత్త బొక్క పెట్టుకుంట పోతె సంపు నిండుతనే ఉంటది. నువ్వు బొక్కను చూస్తున్నవ్. సంపును చూడు."

నేను చూడలేదు. నాయిన ముద్దుగా ఏదో అన్నాడని అనుకున్నాను. షేల్ ఒక బుడగ, కొన్నేళ్లలో పగిలిపోతుంది అని మా రిపోర్టు చెప్పింది. బుడగ పగల్లేదు. వాళ్లు కొత్త బోర్లు వేస్తూనే పోయారు, ఒక్కో బోరు ముందుదాని కంటే మెరుగ్గా తొలిచారు. గ్యాసు చవకైంది. కొన్నేళ్లకు హైదరాబాద్‌లో ఒక మీటింగులో ఎవరో మూర్తి గారి పాత రిపోర్టులోని గీతల బొమ్మను తెర మీద వేసి "ఈ బుడగ ఎక్కడుంది సార్?" అన్నారు. హాలంతా నవ్వింది. తిరుగు రైలెక్కగానే ఆయన చెవి మీద పెన్సిల్ తీసి జేబులో పెట్టుకున్నారు.

ఆ నవ్వు మా ఆఫీసును మార్చేసింది. ఒక వైపు తప్పినవాళ్లు రెండోసారి మరో వైపుకు ఎక్కువ వంగుతారు. మీకు కూడా ఇది జరుగుతుంది. జరుగుతున్నప్పుడు మాత్రం తెలియదు, తెలివి వచ్చిందని అనిపిస్తుంది.

ఆ వాక్యం

సరిగ్గా ఆ రోజుల్లోనే నాయిన కంపెనీ వాళ్లు మా దగ్గరికి వచ్చారు. బావిలో పైపొర బొగ్గు అయిపోవచ్చింది. కింద ఇంకో పొర ఉంది. అక్కడిదాకా దిగాలా, బావి మూసేయాలా? రాబోయే ఇరవై ఏళ్లలో వాళ్ల బొగ్గుకు గిరాకీ ఉంటుందా ఉండదా అన్నదే మేం చెప్పాల్సింది. నాయిన అప్పటికి రిటైరై నాలుగేళ్లయింది. ఇంకెవరికైనా ఇవ్వండి సార్ అన్నాను. "నువ్వైతే జాగ్రత్తగా రాస్తావు" అన్నారు మూర్తి గారు.

జాగ్రత్తగానే రాశాను. అమెరికాలో గ్యాసు చవక. దాన్ని చల్లబరిచి ద్రవంగా మార్చి ఓడలకు ఎక్కిస్తారు. ఓడలు మన తూర్పు తీరానికి వస్తాయి. గ్యాసు లేక ఖాళీగా పడి ఉన్న కరెంటు స్టేషన్లు లేచి నడుస్తాయి. అప్పుడు ఖర్చెక్కువైన చిన్న బావి బొగ్గును ఎవరూ అడగరు. ఒక్కో మెట్టూ చూస్తే సబబుగానే కనిపిస్తుంది. కానీ మెట్లన్నీ ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి. ఓడ అద్దె పెరిగితే? మనకంటే ఎక్కువ ఇచ్చేవాడు దారిలోనే కొనుక్కుంటే? తీరం నుంచి గొట్టం పడకపోతే? అందుకని గిరాకీ పడిపోయే గీత కింద, పేజీ అడుగున, ఒక వాక్యం పెట్టాను.

"అమెరికా గ్యాసు ఈ ధరకు మన తీరానికి చేరుతుందన్నది ఇంకా రుజువు కాలేదు. అది తేలేదాకా, కనీసం రెండు వానాకాలాలు, బావిలో పంపులు ఆపకూడదు."

మూర్తి గారు పెన్సిల్‌తో దాని కింద గీత గీశారు.

"ఈ ముక్క ఎందుకమ్మా?"

"అది లేకపోతే పైన లెక్కకు అర్థం లేదు సార్."

"వాళ్లు అడిగింది అవునా కాదా అని. మనం 'అయితే' 'గియితే' అన్నామనుకో, వీళ్లకే తెలీదు, మనకేం చెబుతారు అంటారు. అడుగున రాసినవి చదివేవాళ్లు సంతకాలు పెట్టరమ్మా." పెన్సిల్ మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "ఇంకోటి. మీ నాన్నగారు పంపు మనిషని ఆ కంపెనీలో అందరికీ తెలుసు. ఈ వాక్యం చూసి నిన్నేమనుకుంటారో అదీ ఆలోచించుకో."

తీసెయ్ అని ఆయన అనలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను చాలా ఏళ్లు ఆయనే తీయించారని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన కాగితం నా బల్ల మీద పెట్టి టీకి వెళ్లారు. నేను ఆ వాక్యాన్ని మూడు సార్లు చదివాను. ప్రతిసారీ అది అంచనాలు రాసే రూతు రాసినట్టు కాకుండా, పంపు ఖలాసీ కూతురు రాసినట్టు వినిపించింది. నాకు సిగ్గేసింది. నాయిన పని గురించి నేను సిగ్గుపడింది జీవితం మొత్తంలో ఆ ఒక్క రోజే. కొట్టేశాను. పేజీ చక్కగా, శుభ్రంగా కనిపించింది.

ఆగిన రోజు

కంపెనీ బావి మూసేసింది. మోటార్లు విప్పి లారీల్లో తీసుకుపోయారు. రిపోర్టులో పంపుల మాట లేదు కాబట్టి పంపుల గురించి ఎవరూ ఆలోచించలేదు.

చివరి మోటారు ఆపిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం నేనూ నాయినా అన్నం తింటున్నాం. చప్పుడు ఆగింది. నాయిన చేయి కంచంలో అలాగే ఉండిపోయింది. కాలువలో మిగిలిన నీళ్లు జారుతున్న శబ్దం కొంచెంసేపు వినపడింది. తర్వాత అదీ లేదు.

"మీ కాయితంల పంపు సంగతి ఏమన్న రాసిండ్రా బిడ్డా?" అన్నాడు.

"అది పైవాళ్ల నిర్ణయం నాయినా."

ఆయన అడిగింది అది కాదు. నేను చెప్పింది జవాబు కాదు. ఇద్దరికీ తెలుసు. ఆయన నా ముఖం వైపు చూడకుండా అన్నం కలుపుకున్నాడు.

ఆ సాయంత్రం తొట్టి దగ్గర సుద్దముక్క పక్కన పెట్టి మేకు తీసుకున్నాడు. లోతుగా ఒక గీత గీకాడు. పక్కన ఏమీ రాయలేదు.

"ఎందుకో రాయలేదేంది?" అన్నాను.

"ఉండనియ్. తర్వాత రాద్దం."

పెద్దతనం, మరిచిపోయి ఉంటాడని అనుకున్నాను. అప్పటి నుంచి నేను ఆదివారం వచ్చినప్పుడల్లా ఆ తొట్టి పక్కనే మంచం వేసి కూర్చోబెట్టేవాడు. నీళ్ల గురించి, బావి గురించి, మా అమ్మ గురించి మాట్లాడేవాడు. మధ్యలో ఆగేవాడు. నేను ఏదో ఒక మాట అందుకుని ఆ ఖాళీని పూడ్చేసేదాన్ని.

కాలువ ఎండింది. ముత్తక్క వచ్చి గడప ముందు నిలబడింది.

"యోసేపన్నా, నీళ్లెప్పుడొస్తయి?"

ఎప్పుడూ ఎల్లుండి అని చెప్పే మనిషి తల దించుకున్నాడు. "నాకు తెల్వదు చెల్లె" అన్నాడు. ఆ ఎండాకాలం ఆమె మడుల్లో వంగ మొక్కలు నిలువునా ఎండిపోయాయి. కొన్నాళ్లకు ఆమె అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లో కూలికి వెళ్లిపోయిందని విన్నాం. నాయిన ఆ రెండో వానాకాలంలోనే పోయాడు. నేను రాసి కొట్టేసిన వాక్యంలో ఉన్నవి కూడా రెండు వానాకాలాలే.

గ్యాసు ఎటు పోయింది

అమెరికా గ్యాసు వచ్చింది. ఓడలకు ఎక్కింది కూడా. మా లెక్కలో ఆ సగం అక్షరాలా నిజమైంది. కానీ ఓడ ఎవరు ఎక్కువ ఇస్తే అటు తిరుగుతుంది. యూరప్‌లో యుద్ధం వచ్చి అక్కడి గొట్టాల్లో గ్యాసు తగ్గగానే ఓడలు అటు మళ్లాయి. ధర మనం అందుకోలేనంత పైకి పోయింది. మన తీరంలో గ్యాసు స్టేషన్లు చాలావరకు ఖాళీగానే నిలబడ్డాయి. ఇక్కడ ఎండలు ముదిరాయి, ఇంటింటా కూలర్లు, ఏసీలు, పొలాల్లో మోటార్లు. ఆ భారమంతా బొగ్గు స్టేషన్ల మీద పడింది. బొగ్గు కోసం అందరూ జల్దీ జల్దీ అని తిరిగిన ఆ ఎండాకాలం, ఆ కంపెనీ తరఫున ఒక ఇంజనీరు మా బావి చూడటానికి వచ్చాడు. బావి నోట్లో నల్లగా నిలిచిన నీళ్లు చూశాడు. ఒక రాయి విసిరి, చప్పుడు విని, జీపెక్కి వెళ్లిపోయాడు. కంపెనీ ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు.

షేల్ వస్తుందని చెప్పలేకపోవడం తప్పు కాదు. ప్రపంచంలో చాలామంది చెప్పలేకపోయారు. ఇంకో కొత్తది వస్తుంది, దాన్ని మీరూ చెప్పలేరు. అంచనా తప్పినందుకు నేను ఒక్క రోజు కూడా నిద్ర చెడగొట్టుకోలేదు. నన్ను తినేది వేరే. నాకు తెలిసినదాన్ని, అంటే నాకు ఎక్కడిదాకా తెలుసో ఆ హద్దును, నేను చేతులారా చెరిపేశాను. నా గీతను నమ్మి ముందుకెళ్లేవాడికి ఆ హద్దే కావాలి. సారమ్మ అడిగిన జీతం దానికే. బావి కింది పొరకు దిగకపోయినా ఫర్వాలేదు. రెండేళ్లు నీళ్లు తోడి ఉంటే, మనసు మార్చుకోవడానికి వాళ్లకు ఒక దారి ఉండేది.

మూర్తి గారు రిటైరై రాజమండ్రి వెళ్లాక ఒకసారి ఫోన్ చేశారు. అవీ ఇవీ మాట్లాడి, చివర్లో "ఆ ముక్క ఉంచాల్సిందమ్మా" అన్నారు. ఏ ముక్క అని నేను అడగలేదు. ఆయన మీద కోపం ఆ రోజుతో పోయింది. నా మీద ఉన్నది అలాగే ఉంది.

అశ్వారావుపేట

నేను ఉద్యోగం వదిలేసి నాయిన ఇంటికే వచ్చేశాను. పెరట్లో పళ్లు తోముకుంటుంటే రోజూ తొట్టి గోడ మీద, గీత పక్కన ఆ ఖాళీ కనపడేది. నాయినకు ఎలాగూ చెప్పలేను. ముత్తక్క ఉంది. పోయిన చలికాలం ఆమెను వెతుక్కుంటూ అశ్వారావుపేట బస్సెక్కాను. ఒక తోటలో ట్రాక్టరు పక్కన కూర్చుని, గెలల నుంచి రాలిన పామాయిల్ కాయలు ఏరి గంపలో వేస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"యోసేపన్న బిడ్డవు గద. కూసో, కూసో. ఎట్లొస్తివి?"

నేల మీద కూర్చున్నాను. దారి పొడుగునా కట్టుకున్న మాటలన్నీ పోయాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాగితం రాసింది నేనని, పంపులు ఆపొద్దని రాసి, మళ్లీ నేనే కొట్టేశానని. ఆమె కాయలు ఏరడం ఆపలేదు.

"నువ్వు ఆ ముక్క ఉంచితె మోటర్లు నడిపేటోళ్లా?"

"తెల్వదక్కా. నడపకపోదురేమో."

"గ్యాసు వస్తదని నీకు నిజంగ ఎరుకనా?"

"లేదు. తెల్వదు."

"మరి తెల్వదని రాయకపోతివి?"

నేనూ ఆమె పక్కన కాయలు ఏరడం మొదలుపెట్టాను. ఎర్రటి కాయలు గంపలో పడుతున్నాయి. ఆమే మళ్లీ అంది.

"మీ నాయినకు ఎరుకే ఈ సంగతి."

"ఏ సంగతి?"

"నీళ్లు ఆగినంక మీ నాయిన బావి ఆఫీసుకు పోయి, ఆ కాయితంల పంపు అనే మాట ఉందా అని గుమాస్తాతోని చదివించిండంట. లేదన్నడంట. మా గూడెమొచ్చి మామిడి చెట్టు కింద కూసున్నడు. 'మా రూతుకు పంపు యాదిలేకుంట ఉండది చెల్లె. రాసే ఉంటది. ఎవలో వద్దని ఉంటరు, భయపడి తీసుంటది' అన్నడు. అడగరాదె అని నేనన్న. 'అడిగితె ఏడుస్తది. దానంతట అదే చెప్తది. నేను ఆగుత' అన్నడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ చేత్తోనే నా వీపు నిమిరింది. నా వల్ల మడులు పోగొట్టుకున్న మనిషి.

"నీ మీద కోపం లేదనను" అంది. "శానా దినాలు ఉండె, ఎవల మీదనో తెల్వక. ఇప్పుడు తెలిసింది. గదీ మంచిదే."

తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. సంచి కింద పడేసి పెరట్లోకి పోయాను. ఆదివారాలన్నీ ఆయన మాటల మధ్యలో ఎందుకు ఆగేవాడో, నేను ఎన్నిసార్లు ఆ ఖాళీలో పనికిరాని మాటలు పోశానో తెలిసింది. ఆయన గీత పక్కన రాయడం మరిచిపోలేదు. అది నేను రాయాల్సిన చోటు కాబట్టి వదిలిపెట్టాడు. ఒక్క ఆదివారం, ఒక్కసారి ఆయన ఆ మంచం మీద కూర్చుని ఉంటే చాలు, నాకు ఇంకేమీ వద్దు.

మేకు ఇంకా తొట్టి గట్టు మీదే ఉంది, తుప్పు పట్టి. గీత పక్కన రాశాను: "రూతు ఒక వాక్యం తీసేసింది. గ్యాసు వస్తదో రాదో ఆమెకు తెల్వది."

నాయిన అక్షరాలంత లోతుగా పడలేదు కానీ చదవొచ్చు. నా తర్వాత షిఫ్టు మీది. గీత పక్కన ఎందుకో రాయండి.